రూపాయికి ఎన్నణాలు

మే నెల. మధ్యాహ్నం మూడు కావస్తోంది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే హైవే మీద లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఆ దారిలోని ఒక ఊళ్లో మీరు దిగేసరికి ఆమె వేపచెట్టు కింద స్కూటీ ఆపుకుని ఎదురుచూస్తోంది. వెనక సీటు మీద చెయ్యి పెట్టి చూస్తారు. కాలుతోంది. "కూసోండి సార్, రెండు నిమిషాలకు అదే సల్లబడుతుంది" అంటుంది. చున్నీ తలకూ మొహానికీ చుట్టుకుంది, కళ్లు తప్ప ఏమీ కనబడవు. కాళ్ల దగ్గర ప్లాస్టిక్ బుట్ట. అందులో గ్లవ్స్ పెట్టె, గాజ్ పీసులు, కత్తెర, ప్లాస్టర్, బీపీ మిషను, మందుల కవర్లు, అన్నిటి మీదా అట్ట చిరిగిన నోటుపుస్తకం.

ఇంత ఎండలో ఎందుకు, అయిదు దాటాక పోవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. నంద్యాల ఎండ సంగతి రాష్ట్రంలో తెలియనివాళ్లు లేరు. గేదెలు కూడా నీడ వదలని వేళ ఇది. ఆమె జవాబు చెప్పదు. ఫోన్ తీసి ఎవరికో చేస్తుంది. "రెండు గంటల మాత్ర ఏసినారా అక్కా? ఎన్ని గంటలకు ఏసినారు? సరే, వస్తాన్నా." ఫోన్ బుట్టలో పడేసి బండి స్టార్ట్ చేస్తుంది. ఆ మాటలకూ ఈ ఎండకూ సంబంధం ఉందని మీకు తర్వాత అర్థమవుతుంది.

హైవే దిగి సందులోకి తిరగ్గానే లారీల మోత సగం తగ్గిపోతుంది. బండలు పరిచిన వాకిళ్లు, మూసిన తలుపులు, అరుగు మీద తుండు పరుచుకుని పడుకున్న ముసలాయన. సందు తూర్పుకు తెరుచుకున్న చోటల్లా నల్లమల కనిపిస్తుంది. ఈ నెలలో అది పచ్చగా ఉండదు, పొగ రంగులో ఉంటుంది. ఒక ఇంటి ముందు ఆమె బండి ఆపుతుంది. మీరు దిగి ఆ ఇంటి వైపే నడవబోతారు. "అది కాదు సార్, ఆ పక్కది దాటినాక." బండి ఒకచోట, పోయే ఇల్లు ఒకచోట. తెల్లకోటు డిక్కీలోనే ఉంది, తియ్యదు. నర్సు బండి ఒకే ఇంటి ముందు పదేపదే ఆగితే వీధి లెక్కలు కడుతుంది. ఏమి జబ్బో, అంటుకుంటుందో లేదో, ఆ ఇంటి పిల్లను చేసుకోవచ్చో లేదో.

ఆమె పేరు ఇక్కడ రాయకపోవడానికీ కారణం ఇదే. పేరు రాస్తే ఊరు తేలుతుంది, ఊరు తేలితే ఇల్లు తేలుతుంది, ఇల్లు తేలితే మంచం మీద ఉన్న మనిషి తేలిపోతుంది. గ్రామ క్లినిక్‌లో పనిచేసే ఎంఎల్‌హెచ్‌పీ మేడం అంటే చాలు. బీఎస్సీ నర్సింగ్ చదివి, ఊరిలో బీపీలు, షుగర్లు, గర్భిణుల లెక్కలు చూసుకునే ఉద్యోగం. రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టర్ పథకం 2023 ఏప్రిల్‌లో పూర్తిగా మొదలైనప్పుడు పద్ధతి ఇలా పెట్టారు: డాక్టర్ 104 వాహనంతో నెలకు రెండుసార్లు ఊరికి రావాలి, పొద్దున క్లినిక్‌లో ఓపీ చూడాలి, మధ్యాహ్నం మంచం దిగలేనివాళ్ల ఇళ్లకు పోవాలి. ఆ రెండు రోజులు డాక్టర్ ఉంటారు. మిగతా నెలంతా మంచాల దగ్గర ఎవరుంటారన్నది ఆ కాగితంలో ఒక్క వాక్యం. ఈ సందుల్లో అదొక మనిషి బతుకు.

తలుపు తోస్తే చీకటి. ఎండలోంచి వచ్చిన కళ్లకు ఏమీ కనబడదు. పాత మిద్దె. పైన గవాచిలోంచి పలక మందాన వెలుతురు బండల మీద పడుతోంది. ముందుగా తెలిసేది వాసన. ఊదుబత్తి వాసన, దాని అడుగున ఇంకోటి. మీ చెయ్యి మీకు తెలియకుండానే జేబులోని రుమాలు వైపు పోతుంది. అప్పుడు ఆమెను చూస్తారు. మొహానికి చుట్టుకున్న చున్నీ గడప దగ్గరే విప్పేసింది. ఎండకు కట్టుకున్నది, వాసన తగిలేచోటికి వచ్చేసరికి తీసేసింది. రుమాలు జేబులోనే ఉండిపోతుంది.

మంచం మీద జేజి. అరవై దాటి ఉంటాయి. ఎడమ దవడకు తెల్లటి గుడ్డ కట్టి ఉంది, దాని అంచు పసుపు పచ్చగా తడిసింది. నోటి క్యాన్సర్. ఏళ్ల తరబడి ఆకూవక్కా, పొగాకూ దవడన పెట్టుకున్న ఫలితం. కర్నూల్లో చూపించారు, కరెంటు పెట్టించారు, ఆ తర్వాత ఇంటికి తీసుకుపొమ్మన్నారు. "ఇంగ చేసేదేం లేదు" అన్న మాట ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

మీరు నిలబడే ఉన్నారు, కోడలు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. నర్సు దాంట్లో కూర్చోదు. మంచం నులకది, కిందికి ఉంటుంది. కుర్చీలో కూర్చుంటే జేజి తల ఎత్తి చూడాలి, తల ఎత్తితే దవడ లాగుతుంది. అందుకని బండల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. ఇద్దరి మొహాలూ సమానంగా వస్తాయి.

"జేజీ, రాత్రి నిద్ర పట్టిందా?"

నొప్పి ఎట్లుందని కాదు. నొప్పి గురించి అడిగితే ఈ తరం ఆడవాళ్లు ఉందని చెప్పరు, చెబితే కొడుక్కి ఖర్చు. నిద్ర గురించి అడిగితే దాచరు.

"తెల్లారుజామున లేసినా" అంటుంది జేజి. సగం మాట ముక్కులోంచి వస్తుంది.

"నొప్పికి లేసినావా, ఊరికే మెలకువొచ్చిందా?"

జేజి కోడలి వైపు చూస్తుంది. కోడలు కిటికీ వైపు చూస్తుంది.

"సరే, రూపాయికి ఎన్నణాలుండె?"

ఆసుపత్రుల్లో నొప్పిని సున్నా నుంచి పది దాకా లెక్క వేయమంటారు. జేజి బడికి పోలేదు. అణాలు మాత్రం తెలుసు. పదహారణాలంటే ఇక భరించలేని నొప్పి. జేజి వేళ్లు మడుస్తుంది. ముందు ఒక చెయ్యి, తర్వాత రెండో చెయ్యి, ఆగి ఆలోచించి ఇంకో రెండు. పన్నెండు. ఇప్పుడో అంటే నాలుగు వేళ్లు. నోటుపుస్తకంలో ఎక్కుతుంది: తెల్లవారుజాము 12, మధ్యాహ్నం 4. ఆ ప్రశ్న ఏ శిక్షణలోనూ నేర్పలేదు, ఇదే మంచం దగ్గర పుట్టింది.

పన్నెండు ఎందుకైందో ఆమెకు అర్థమైంది. కోడలి వైపు తిరుగుతుంది. గొంతు పెంచదు. "రాత్రి పదికి రెండు మాత్రలు ఏసినావా అక్కా, ఒకటేసినావా?"

"ఒకటే ఏసినా మేడం. నొప్పి లేదన్నాది. మల్ల ఊరికే ఏస్తే అలవాటయితాదేమోనని."

ఇది మార్ఫిన్. నల్లమందు నుంచి తీసినది. పది మిల్లీగ్రాముల మాత్ర నాలుగు గంటలకొకటి వెయ్యాలి, పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు. రాత్రి పదికి రెండు ఒకేసారి వేస్తే నడిరేతిరి లేపాల్సిన పని లేకుండా తెల్లారేదాకా పడుకుంటుంది. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ నొప్పికి చెప్పిన పద్ధతికి ప్రాణం ఇదే. మందు నోటితో ఇవ్వాలి, గడియారం చూసి ఇవ్వాలి, చిన్న మందుతో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా పెంచాలి. నొప్పి వచ్చాక ఇవ్వడం కాదు, రాకముందే ఇవ్వాలి. ఇదంతా కోడలికి ఎట్లా చెప్పాలి? నర్సు ఒకసారి పైకి, మిద్దె దూలాల వైపు చూస్తుంది.

"వానొచ్చినంక మిద్దెకు చవుడు పోస్తావా అక్కా, రాకముందే పోస్తావా?"

కోడలు నవ్వేస్తుంది. "రాకముందే."

"ఇదీ అంతే. కారేదాకా ఆగొద్దు. అలవాటు సంగతి నాకొదిలెయ్. నొప్పి ఉన్నోళ్లకు డాక్టరు రాసిన లెక్కన ఇస్తే మత్తుకు బానిసయ్యేది చానా అరుదు. మలబద్ధకం మాత్రం తప్పదు. మోషన్ అయ్యిందా జేజీ? ఎన్ని దినాలైంది?"

మీరు ఇబ్బందిగా కదులుతారు. వాళ్లిద్దరూ కదలరు. మూడు దినాలైందట. విరేచనానికి ఇచ్చిన మాత్రలు డబ్బాలో అట్లే ఉన్నాయి. నొప్పి మాత్ర ముఖ్యం, ఇది ఎందుకులే అనుకుంది కోడలు. మార్ఫిన్ మొదలుపెట్టిన రోజే విరేచనం మందు కూడా మొదలుపెట్టాలి. అది మరిచిపోతే కడుపు బిగిసి, తిండి మాని, రోగులు మార్ఫినే వద్దంటారు. దయ అంటే తల నిమరడం అని మనం అనుకుంటాం. ఇక్కడ అది ఎన్నాళ్లకు మోషన్ అయిందని అడగడంతో మొదలవుతోంది.

ఇప్పుడు కట్టు. కోడలు స్టీలు గిన్నెలో నీళ్లు తెస్తుంది. పొద్దున మరగబెట్టి, అర లీటరుకు ఒక చెంచా ఉప్పు వేసి, మూతపెట్టి ఆరబెట్టిన నీళ్లు. సెలైన్ సీసా కొనక్కర్లేదు. పాత నూలు చీర ముక్కలు చేసి, ఉతికి, స్టీలు డబ్బాలో పెట్టి కుక్కర్లో ఆవిరి పట్టింది. కేరళలో ఇళ్లకు పోయే నర్సులు ఏనాటినుంచో చేస్తున్న పద్ధతి. గాజ్ కట్ట ధర తెలిసినవాళ్లకు ఆ చీర విలువ తెలుస్తుంది.

గుడ్డ పుండుకు అంటుకుపోయింది. మీరైతే లాగేస్తారు, ఆ బాధ ఒక్క క్షణమే కదా అనుకుంటారు. ఆమె లాగదు. ఉప్పునీళ్లతో తడిపి, దాని మీద ఇంకో తడిగుడ్డ వేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. నానాలి. లాగితే నెత్తురొస్తుంది, ఇలాంటి పుండులో నెత్తురొస్తే ఆగడం కష్టం. అయిదు నిమిషాలు. పది నిమిషాలు. గవాచి వెలుతురు మంచం కోడు మీదికి జరిగింది. ఈ పని మూడు గంటలకే ఎందుకు పెట్టుకుందో మీకు ఇప్పుడు తడుతుంది. రెండింటికి వేసిన మాత్ర గంటకు బాగా పట్టుకుంటుంది. కట్టు విప్పే బాధ ఆ వేళలో పడితేనే జేజి ఓర్చుకోగలదు. అయిదింటికైతే రోడ్డు చల్లగా ఉండేది, మందు దిగిపోతూ ఉండేది. ఆమె తన ఎండను మందు గంటకు సర్దుకుంది. ఏ రిజిస్టర్‌లోనూ దీనికి గడి లేదు.

గుడ్డ తనంతట తానే ఊడి వస్తుంది. మీరు చూడాలా వద్దా? చూడండి. దవడ ఉండాల్సిన చోట అరచేతిలో సగం మేర గుంట, అంచులు గట్టిగా పైకి లేచి, మధ్యలో బూడిద రంగు. లోపల పన్ను ఒకటి తెల్లగా కనబడుతోంది. ఆమె మొహంలో ఏ కండరమూ కదలదు. జేజి కళ్లు ఆ మొహం మీదే ఉన్నాయని మీరు గమనిస్తారు. ఈ ఇంట్లో అద్దం తీసేసి చాలా రోజులైంది. తన పుండు ఎట్లుందో జేజికి తెలిసేది ఎదుటి మనిషి మొహంలోనే.

ఉప్పునీళ్లు పోసి కడుగుతుంది, రుద్దదు. మెట్రోజిల్ మాత్రలు రెండు చెంచాల మధ్య నలిపి పొడి చేసి పుండు మీద చల్లుతుంది. నీళ్ల విరేచనాలకు వాడే మామూలు మాత్రే, రూపాయల్లో దొరుకుతుంది. ఆ వాసన చచ్చిన కండలో పెరిగే క్రిములది, ఈ పొడి వాటిని చంపుతుంది. నాలుగైదు రోజులు వరసగా చల్లితే ఊదుబత్తి మానెయ్యొచ్చు. ఊదుబత్తి మానేస్తే మనవరాలు గది లోపలికి వస్తుంది. ఆ పిల్ల ఇప్పుడు గడప అవతల నిలబడి ఉంది, ముక్కు మూసుకోవాలని ఉంది, జేజి చూస్తుందని మూసుకోవడం లేదు. నర్సు ఆ పిల్లను చూసే ఈ పొడి సంగతి కోడలికి మరోసారి చెబుతుంది. రోజుకు ఎన్ని మాత్రలు, ఎంత నున్నగా నలపాలి.

ఒక్క రూపాయి మాత్ర ఇంత చేస్తుంటే, ఆ పది మిల్లీగ్రాముల మార్ఫిన్ ఎందుకింత దూరం? మాట మధ్యలో ఇది చెప్పక తప్పదు. భారతదేశం గసగసాల పైరును చట్టబద్ధంగా సాగు చేసే కొద్ది దేశాల్లో ఒకటి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో పండుతుంది, నీమచ్, గాజీపూర్‌లలోని ప్రభుత్వ ఫ్యాక్టరీల్లో శుద్ధి అవుతుంది. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం దొంగ రవాణాను ఆపాలని పెట్టింది, ఆసుపత్రులకు కూడా తాళం వేసింది. రకరకాల లైసెన్సులు, గడువులు, జైలు భయం. డాక్టర్లు రాయడం మానేశారు, మందుల షాపులు తెప్పించడం మానేశాయి, ఒక తరం వైద్య విద్యార్థులు మార్ఫిన్ మాత్ర ముఖం చూడకుండానే డాక్టర్లయ్యారు. కేరళ డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివాళ్లు ఏళ్ల తరబడి తిరిగితే 2014లో చట్టం సవరించారు. శిక్షణ పొందిన డాక్టర్ ఉన్న, గుర్తింపు పొందిన సంస్థ ఇప్పుడు తెప్పించి ఇవ్వొచ్చు. చట్టం మారింది, అలవాటు మారలేదు. 2017లో లాన్సెట్ కమిషన్ వేసిన లెక్కలో, పాలియేటివ్ సేవ, అంటే నయం కాని జబ్బుల్లో నొప్పీ బాధా తగ్గించే సేవ, అవసరమైన ఒక్కో రోగికి మన దేశంలో ఏడాదికి అందుతున్న నొప్పి మందు మార్ఫిన్ లెక్కన 43 మిల్లీగ్రాములు, కావలసినదానిలో నాలుగు శాతం. అమెరికాలో 55 వేల మిల్లీగ్రాములు. జేజికి రోజుకు 60 కావాలి. మన దేశం సగటున అలాంటి ఒక రోగికి ఏడాదికి ఇచ్చేది ఆమెకు ఒక్క రోజుకు చాలదు.

కేరళ వేరే దారి పట్టింది. 1993లో కోళికోడ్ మెడికల్ కాలేజీలో రాజగోపాల్, సురేష్ కుమార్ ఒక చిన్న క్లినిక్‌తో మొదలుపెట్టారు. ఊళ్లలో వాలంటీర్లు కలిశారు, నర్సులు ఇళ్లకు పోవడం మొదలైంది. 2008లో దేశంలో మొదటిసారి ఒక రాష్ట్రం దీనికొక విధానం రాసుకుంది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలట్ మొదలుపెట్టిన విభాగం చుట్టూ తెలంగాణలో పని పెరిగింది. అక్కడ జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు వచ్చాయి, 'ఆలన' పేరుతో వాహనాలు నర్సులను ఇళ్లకు తీసుకుపోతున్నాయి. ఈ కథల్లో డాక్టర్ల పేర్లు మనకు తెలుసు. రాజగోపాల్‌కు 2018లో పద్మశ్రీ వచ్చింది, రావలసిందే. వాళ్ల వెనక గడపగడపకూ బుట్ట మోసిన నర్సు పేరు ఒక్కటి చెప్పమంటే మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

కట్టు అయింది. ప్లాస్టర్ చెంపకు కాకుండా చెవి వెనక్కి పోయేలా వేసింది, రేపు విప్పేటప్పుడు చర్మం ఊడకుండా. జేజి తడారిన పెదాలకు నూనె రాస్తుంది. చల్లటి మజ్జిగ చెంచాతో కుడి దవడ వైపు పోస్తుంది. నాలుగు చెంచాలు దిగాయి. అయిదోది వద్దంది జేజి. ఇంకోటి తాగమని ఎవరూ బతిమాలరు. "చాలంటే చాలు" అంటుంది నర్సు కోడలితో, "తినలేదని పోట్లాడొద్దు."

కొడుకు ఆమెను బయటికి రమ్మని సైగ చేస్తాడు. అరుగు మీద నీడ సన్నగా ఉంది. ముగ్గురూ గోడకు అంటుకుని నిలబడతారు.

"మేడం, ఇంగ ఎన్ని దినాలు?"

ఆమె వెంటనే చెప్పదు. "నీకేమనిపిస్తాంది అన్నా?"

"ఉగాదికి అరుగు మీదికొచ్చి కూసునె. ఇప్పుడు లేసేదే లేదు." గొంతు తడబడుతుంది. "ఆయమ్మకు మాత్రం చెప్పాకండి. తెలిస్తే దిగులుతోనే పోతాది."

ఇది ప్రతి ఇంట్లోనూ వినబడే మాట. చెప్పకూడదని కొడుకు తల్లికి దాస్తాడు, కొడుకు ఏడుస్తాడని తల్లి కొడుక్కి దాస్తుంది. ఒకే మిద్దె కింద ఇద్దరూ ఒకే సంగతి మోస్తూ ఒకరినొకరు తప్పించుకుని తిరుగుతుంటారు. సరే చెప్పనని నర్సు మాటివ్వదు. చెప్పాల్సిందేనని వాదించదు. "నేనై చెప్పను అన్నా. ఆమె అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేను. ముందు ఆమెకు ఎంత తెలుసో చూస్తా. నెలల లెక్క కాదన్నా ఇది, వారాల్లో పడింది. అక్కచెల్లెళ్లు రావాల్సినోళ్లుంటే ఇప్పుడే పిలిపించు." అతను తలూపుతాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంటాడు. ఆమె పక్కనే నిలబడి వీధి వైపు చూస్తుంది. ఎంతసేపో మీరు లెక్కపెట్టరు.

లోపలికి వస్తే జేజి వాళ్లకోసమే చూస్తోంది.

"వాడేమంటాడు అమ్మీ? నేను పోతానంటనా?"

మీరు గోడకు అతుక్కుపోతారు. నర్సు మళ్లీ కింద కూర్చుంటుంది.

"నీకెందుకట్ల అనిపిస్తాంది జేజీ?"

"తెల్దా ఏంది నాకు? నా ఒళ్లు నాకు తెల్దా?"

నర్సు ఏమీ అనదు. కాదనదు. ఈ మౌనం వినడానికి తేలిక, పాటించడం కాదు. మన నోళ్లన్నీ ఇలాంటప్పుడు "అట్లనకు, నీకేం కాదు, దేవుడున్నాడు" అనడానికి సిద్ధంగా ఉంటాయి. ఆ మాటతో తలుపు మూసుకుపోతుంది, ఆ తర్వాత మంచం మీది మనిషి ఇంకెవరినీ ఏమీ అడగదు. ఇక్కడ తలుపు తెరిచే ఉంది. కాసేపటికి జేజి అడుగుతుంది, చావు గురించి కాదు. "సంగంలో అప్పుంది అమ్మీ. నేను పోతే ఆ కంతులు ఎవురు కడ్తారు? మిగతా ఆడోళ్ల మీద పడ్తాది. పోయినాక నన్ను తిట్టుకుంటారు."

పొదుపు సంఘం. బ్యాంకు అప్పు గ్రూపు మీద ఉంటుంది, ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు చూసుకోవాలి. తెల్లవారుజామున జేజిని లేపింది తగ్గిన ఒక్క మాత్రేనా? సిసిలీ సాండర్స్ అనే ఆవిడ లండన్‌లో దీన్ని ముందే కనిపెట్టింది. నర్సుగా మొదలై, వెన్నునొప్పితో ఆ పని చేయలేక ఆసుపత్రి సోషల్ వర్కరై, చివరికి డాక్టర్ చదివి, 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. ఒంటి నొప్పి, మనసు నొప్పి, అప్పుల నొప్పి, దేవుడితో పేచీ, ఇవన్నీ కలిసి ఒకే నొప్పిగా వస్తాయని, ఒకదాన్ని వదిలేసి ఇంకొకదాన్ని తగ్గించలేమని ఆమె చెప్పింది. ఆమెకు దొరికిన మొదటి గుర్తింపు ప్రభుత్వానిది కాదు. 1948లో డేవిడ్ టాస్మా అనే పోలండ్ శరణార్థి క్యాన్సర్‌తో పోతూ, ఆమె ఎప్పటికైనా కట్టబోయే ఇంటికి కిటికీ అవుతానని 500 పౌండ్లు రాసిపోయాడు. ఆ ఇల్లు లేవడానికి పందొమ్మిదేళ్లు పట్టింది.

"సంగం లీడరుతో నేను మాట్లాడతా జేజీ, సాయంత్రం రమ్మంటా. నీ ముందరే మాట్లాడుకుందాం. నీ కొడుక్కి తెలుసా ఈ సంగతి?"

"తెల్దు."

"చెబుదామా?"

జేజి చాలాసేపు కొడుకు వైపు చూస్తుంది. "చెప్పు."

చెప్పింది. కొడుకు మంచం పట్టె మీద కూర్చుని తల్లి చేయి పట్టుకున్నాడు. "అదా నీ దిగులు? కట్టనా నేను?" అన్నాడు. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు. అతను చేయి తీయలేదు.

రెండో ఇల్లు త్వరగానే అయిపోతుంది. పక్షవాతంతో పూర్తిగా మంచాన పడ్డ పెద్దాయన. నెల మొదటి తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి 15 వేల పింఛన్ ఇచ్చిపోతారు. 2024 జూలై నుంచి ఇలాంటివాళ్లకు పెరిగిన మొత్తం అది, ఆ ఇంటి పొయ్యి దాని మీదే నడుస్తోంది. నడుము కింద ఎర్రగా కందింది, ఇంకా పుండు కాలేదు. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, అది ఇద్దరు చేసే పని, ఇంట్లో ఉన్నది ఒక్క భార్య. నర్సు దుప్పటిని పొడవుగా మడిచి ఆయన కిందికి జరిపి, దాన్ని పట్టుకుని లాగితే ఒక్కరే ఎట్లా తిప్పగలరో చూపిస్తుంది. ఆమెతోనే రెండుసార్లు చేయిస్తుంది. ఆ తర్వాత ఆమెకే బీపీ చూస్తుంది. ఎక్కువుంది. ఆ ఇంట్లో మాత్రలు వేసుకోవాల్సిన మనిషి మంచం మీద లేదు.

తిరిగి వచ్చేటప్పుడు క్లినిక్ దగ్గర ఆగి ఆమె ట్యాబ్‌లో రోజు పని ఎక్కిస్తుంది. బీపీలు ఇన్ని, షుగర్లు ఇన్ని. జేజి ఇంట్లో గడిపిన గంటకు పైగా సమయం ఒక్క గీతలో సర్దుకుంటుంది, ఇంటి సందర్శన ఒకటి. మధ్యలో ఒక ఫోన్. మే 12న నర్సుల దినోత్సవం సన్మానానికి పేర్లు పంపాలట. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1820లో పుట్టిన రోజు అది. కేంద్రం 1973 నుంచి ఆమె పేరుతో జాతీయ అవార్డులిస్తోంది, మంచిదే. ఊరి స్థాయిలో మాత్రం దండ, మెమెంటో, శాలువా. నంద్యాల మే ఎండలో మనిషికి ఉన్ని శాలువా కప్పి చప్పట్లు కొట్టడం మనకే చెల్లింది. "సార్, నా పేరు వద్దు" అంటోంది ఆమె ఫోన్లో, "పేపర్లో ఫోటో పడితే ఆ ఇంటికి పోలేను."

ఇలాంటి నర్సును గౌరవించాలంటే ఏం చెయ్యాలో ఆ నోటుపుస్తకం చూస్తే తెలుస్తుంది. చివరి పేజీలో ఆమె రాసుకున్న జాబితా ఉంది. మార్ఫిన్ నంద్యాలలో దొరకాలి. పెద్ద ప్రభుత్వాసుపత్రి ఉంది, 2023లో మెడికల్ కాలేజీ కూడా వచ్చింది, ఇంతకంటే దూరం పోవాల్సిన పని ఉండకూడదు. రాత్రిపూట ఫోన్ ఎత్తే డాక్టర్ ఒకరు కావాలి. డాక్టర్ రాసిచ్చిన హద్దులో మందు ఎక్కువ తక్కువ చేసే అధికారం, దానికి శిక్షణ ఆమెకు ఇవ్వాలి. వారానికి రెండు మధ్యాహ్నాలు వేరే పనేదీ పెట్టకుండా వదలాలి. గాలిపరుపు ఒకటి. దేనికీ సభ అక్కర్లేదు, జీవోలు కావాలి. సభలు పెట్టడం తేలిక కాబట్టి అవి పెడుతున్నాం.

జేజి ఇంటి నుంచి కొడుకు నడుచుకుంటూ వచ్చాడు. మాత్రల స్ట్రిప్పులు ఎన్ని మిగిలాయో లెక్క వేసుకొచ్చాడు, ఎల్లుండి దాకా వస్తాయి. కర్నూలు పోవాలి, అటూ ఇటూగా వంద కిలోమీటర్లు. ఆమె నోటుపుస్తకంలోంచి కాగితం చించి రాస్తోంది. కేసు షీటు, జేజి ఆధార్, తన ఆధార్, వాడేసిన ఖాళీ స్ట్రిప్పులు పారెయ్యకుండా తీసుకుపో, అవి చూపిస్తే లెక్క తేలిక. అణాల లెక్క కింద విడిగా రాసింది, తెల్లవారుజాము పన్నెండు, డాక్టరుకు ఇది చదివి చెప్పు.

"రేపు పొద్దున ఎన్నింటికి బస్సు మేడం?"

"ఆరు దాటినాక పో అన్నా. ఆరు గంటల మాత్ర నీ చేత్తో ఏసి పో."